జాకీ కదిలిన చప్పుడు

బండి కొన్న కొత్తలో రోజూ పొద్దున ఒక చప్పుడు వినిపించేది. స్టార్ట్ చేసి, గేటు దాటి, ఓ ముప్ఫై అడుగులు వెళ్ళానో లేదో "గుర్ర్" మని ఒక్క క్షణం. అంతే. మళ్ళీ రోజంతా వినిపించదు. డిక్కీలో జాకీ వదులై దొర్లుతోందనుకున్నాను. పాత గుడ్డ చుట్టి, కదలకుండా ఓ మూలకి కుక్కాను. మర్నాడు మళ్ళీ గుర్ర్. ఇంకో గుడ్డ చుట్టాను. సెకండ్ హ్యాండ్ బండి కదా, ఏదో ఒకటి మోగుతుందిలే అని ఊరుకున్నాను. మూడేళ్ళు ఊరుకున్నాను.

డ్యాష్‌బోర్డ్ మీద బొమ్మ సంగతీ అంతే. కారు వెనక భాగం, దాని కింద పాము మెలికల్లాంటి రెండు గీతలు. తాళం తిప్పగానే మిగతా లైట్లతో పాటు పసుపు రంగులో వెలిగి ఆరిపోతుంది. దాని అర్థం నాకు తెలుసనే అనుకున్నాను: రోడ్డు జారుడుగా ఉంది, జాగ్రత్త అని. రోడ్డు పక్కన బోర్డుల మీద కూడా ఇలాంటి బొమ్మే ఉంటుంది మరి. రోడ్డు జారుడుగా ఉందని బండికి ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ రాలేదు. నేను లెక్కలు చూసుకుని బతికే మనిషిని. ఓచరు లేని ఎంట్రీ ఒక్కటి కనబడితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. బండి దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైపోయిందో.

ఆ ప్రశ్న ఒక వాన సాయంత్రం వచ్చింది. చాలా రోజుల ఎండ తర్వాత పడ్డ మొదటి జల్లు. పెద్ద వానకంటే అలాంటి జల్లే ప్రమాదమని తర్వాత తెలిసింది. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి కొట్టుకుపోవడానికి ఆ నీళ్ళు చాలవు, అన్నీ కలిసి సబ్బు నురగలా కావడానికి మాత్రం సరిగ్గా సరిపోతాయి. దిగుడు దారి, చివర మలుపు. రోజూ తిరిగే మలుపే, రోజూ వెళ్ళే స్పీడే. స్టీరింగ్ తిప్పాను. బండి తిరగలేదు. తిరగలేదంటే కొంచెం తిరిగింది, నేను అడిగినంత తిరగలేదు. ముక్కు మలుపు బయటి అంచు వైపు పోతోంది. ఇంకా తిప్పాను. కంగారులో యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశాను. దాంతో బరువంతా ముందుకొచ్చి ముందు టైర్లకి పట్టు దొరికింది, తేలికైన వెనక టైర్లు వదిలేశాయి. నేను కూర్చున్న సీటు పక్కకి జరిగిపోతున్నట్టు అనిపించింది. తల ఒక వైపు చూస్తోంది, బండి ఇంకో వైపు వెళ్తోంది.

అప్పుడు కాళ్ళ దగ్గర నుంచి "గర్ర్ గర్ర్" మని మొదలైంది. ఆ పసుపు బొమ్మ టపటపా కొట్టుకుంది. బయటి వైపు ముందు మూలని ఎవరో పట్టుకుని వెనక్కి గుంజినట్టు బండి ఒక్క కుదుపు కుదిపి, ముక్కు మళ్ళీ రోడ్డు వైపు తిప్పుకుంది. ఇదంతా రెండు సెకన్లు. బ్రేకు మీద నా కాలు అప్పటికింకా పడనే లేదు. ఇది మాత్రం నాకు ఖాయంగా గుర్తుంది, ఎందుకంటే కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఉంది.

కాస్త ముందుకెళ్ళి పక్కన ఆపి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ మనిషి. వాల్వులు, సెన్సర్లు, కంట్రోలర్లు వాడి లోకం.

"బండిలో ఏదో పోయిందిరా. పసుపు లైటు వచ్చింది, కింద ఏదో విరిగినట్టు చప్పుడు."

"లైటు నిలకడగా వెలిగిందా అక్కా, కొట్టుకుందా?"

"కొట్టుకుంది."

"అయితే ఏం పోలేదు. కొట్టుకుంటే పని చేస్తోందని. నిలకడగా వెలిగితే పని మానేసిందని."

ఈ ఒక్క ముక్క నాకు మూడేళ్ళ ముందు ఎవరూ చెప్పలేదు. బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంది. అది కవరు కూడా విప్పకుండా గ్లవ్ బాక్స్‌లో ఉంది.

ఆ ఆదివారం వాడు ఇంటికొచ్చి, నా భాషలోనే చెప్పాడు. "నువ్వు నెలాఖరున బ్యాంకు పాస్‌బుక్కూ, నీ క్యాష్‌బుక్కూ పక్కపక్కన పెట్టుకుని టిక్కులు పెడతావు చూడు, ఆ పసుపు బొమ్మ వెనక ఉన్న ఏర్పాటు చేసేదీ అదే పని. ఒక కాలమ్‌లో నువ్వు అడిగింది. రెండో కాలమ్‌లో బండి చేసింది. తేడా వస్తే ఎంట్రీ పాస్ చేస్తుంది."

అడిగింది ఎలా తెలుస్తుందంటే, స్టీరింగ్ కింద దాని కోణం కొలిచే సెన్సర్ ఒకటుంది. చక్రానికొకటి చొప్పున నాలుగు స్పీడు సెన్సర్లున్నాయి. ఇంత స్పీడులో స్టీరింగ్ ఇంత తిప్పితే, ముందు వెనక చక్రాల మధ్య ఇంత దూరం ఉన్న ఈ బండి సెకనుకి ఎన్ని డిగ్రీలు తిరగాలో లెక్క కట్టవచ్చు. అది మొదటి కాలమ్. రెండో కాలమ్‌కి అంకె ఇచ్చేది బండి నడిమధ్యలో, సీట్ల కింద ఎక్కడో బిగించి ఉండే ఒక చిన్న పెట్టె. బండి తన నిలువు ఇరుసు చుట్టూ నిజంగా ఎంత వేగంగా తిరుగుతోందో, పక్కకి ఎంత తోపు పడుతోందో అది చెబుతుంది. ఈ ఏర్పాటు తయారుచేసే బాష్ కంపెనీ చెప్పే లెక్క ప్రకారం ఈ రెండు కాలమ్‌లనీ సెకనుకి 25 సార్లు సరిచూస్తారు. నేను నెలకొకసారి చేస్తాను, అదీ విసుక్కుంటూ.

ఆ పెట్టె లోపలి సంగతి విన్నాక నాకు బండి మీద కొత్త గౌరవం పుట్టింది. తిరగడాన్ని కొలిచే ఆ సెన్సర్‌ని యా రేట్ సెన్సర్ అంటారు. అందులో చక్రాలు, బొంగరాలు ఏమీ ఉండవు. ఇప్పటి వాటిలో చీమ తలంత సిలికాన్ ముక్క ఒకటి నిలకడగా అటూ ఇటూ కంపిస్తూ ఉంటుంది. తిరిగే రంగులరాట్నం పలక మీద మధ్యనుంచి అంచు వైపు నడవబోతే మనిషి పక్కకి తూలతాడు చూడండి, అలాగే బండి తిరిగినప్పుడు ఆ కంపించే ముక్క కూడా అడ్డంగా తూలుతుంది. ఆ తూలుడు ఎంతో కొలిస్తే తిరుగుడు ఎంతో తెలిసిపోతుంది. 1835లో కొరియోలిస్ అనే ఫ్రెంచి ఆయన తిరిగే యంత్రాల గురించి లెక్కలు వేస్తూ ఈ సంగతి రాసిపెట్టాడు. కార్లు పుట్టకముందే.

బొమ్మ ఒకటే అయినా కంపెనీకో పేరు ఎందుకు పెట్టారో మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. బాష్, మెర్సిడెస్ వాళ్ళు ఈఎస్‌పీ అన్నారు. బీఎండబ్ల్యూ డీఎస్‌సీ, టయోటా వీఎస్‌సీ, హోండా వీఎస్‌ఏ. అందరికీ కలిపి ఇప్పుడు ఈఎస్‌సీ, అంటే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటున్నారు. నేనూ అదే రాస్తాను.

ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కి వచ్చినవి ఇవి. మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో 1978లో బాష్ వాళ్ళ ఏబీఎస్ వచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా, నొక్కీ వదిలీ నొక్కీ వదిలీ చూసుకునేది. ట్రాక్షన్ కంట్రోల్ దానికి తలకిందులు: బ్రేకులో చక్రం ఆగిపోకుండా చూసేది అది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రం ఊరికే గిర్రున తిరగకుండా చూసేది ఇది. నిజానికి ఈ ఆలోచన ఏబీఎస్ కంటే ముందే ఉంది. 1971లోనే బ్యూక్ వాళ్ళు మ్యాక్స్‌ట్రాక్ అని అమ్మారు, వెనక చక్రాలు ముందు వాటికంటే వేగంగా తిరిగితే ఇంజిన్ ఊపు తగ్గించేది. కానీ బండి మొత్తం ఏ దిక్కుకి తిరుగుతోందో చూసే మూడో మెట్టు 1995లోగాని రాలేదు. మెర్సిడెస్ ఎస్ 600 కూపేలో బాష్ ఈఎస్‌పీ వచ్చింది. అదే ఏడు టయోటా కూడా తనది తెచ్చింది. తేడా ఏమిటంటే, ఏబీఎస్ మనం తొక్కిన బ్రేకుని కాస్త వదిలిస్తుంది, ఈఎస్‌సీ మనం తొక్కని బ్రేకుని తొక్కుతుంది. అందుకే ఏబీఎస్ పెట్టెలో చక్రానికి రెండు చొప్పున 8 వాల్వులు చాలితే, ఈఎస్‌సీకి 12 కావాలి. ఆ అదనపు నాలుగు, ఒక పంపు కలిసి మన పాదంతో పని లేకుండా బ్రేకు నూనెని తోసి ఒక్క చక్రాన్ని మాత్రం పట్టుకుంటాయి. నేను విన్న గర్ర్ గర్ర్ ఆ పంపుదే.

ఖరీదైన కార్ల వస్తువు అందరి కార్లలోకి దిగడానికి ఒక ప్రమాదం కారణమైంది. ప్రమాదమంటే, పరీక్షలో జరిగిన ప్రమాదం. 1997 అక్టోబరులో స్వీడన్ పత్రిక ఒకటి, దుప్పి అడ్డొస్తే ఎలా తప్పించాలో ఆ తీరులో ఎడమకీ కుడికీ గబగబా తిప్పి చూస్తే, అప్పుడే మార్కెట్‌లోకి వచ్చిన మెర్సిడెస్ ఏ క్లాస్ పల్టీ కొట్టింది. కంపెనీ పరువు పోయేంత గొడవైంది. చివరికి అమ్మకం ఆపి, సస్పెన్షన్ మార్చి, ఆ చిన్న కారులో ప్రతిదానికీ ఈఎస్‌పీ పెట్టి మళ్ళీ తెచ్చారు. పెద్ద కారులో విలాసంగా ఉన్నది చిన్న కారులో తప్పనిసరి అయింది. ఆ తర్వాత ప్రభుత్వాలు అందుకున్నాయి. అమెరికాలో 2011 సెప్టెంబరు నుంచి, యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారుకీ ఇది ఉండి తీరాలి.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన భాగం: ఏ చక్రాన్ని పట్టుకోవాలి?

ట్రాక్టరు దగ్గరగా చూసినవాళ్ళకి తెలుస్తుంది, దానికి బ్రేకు పెడళ్ళు రెండుంటాయి. ఎడమ వెనక చక్రానికొకటి, కుడి వెనక చక్రానికొకటి. రోడ్డు మీద వెళ్ళేటప్పుడు రెండింటినీ గొళ్ళెంతో కలిపేస్తారు. చేలో చాలు చివర తిరగాలంటే గొళ్ళెం తీసి, తిరగాల్సిన వైపు పెడల్ ఒక్కటే తొక్కుతారు. ఆ చక్రం నిలబడితే ట్రాక్టరు దాని చుట్టూ తిరిగిపోతుంది. అంటే బ్రేకు అనేది ఆపడానికే కాదు, తిప్పడానికి కూడా. ఈఎస్‌సీ చేసేది సరిగ్గా ఇదే, కాకపోతే నాలుగు పెడళ్ళతో.

ఆ సాయంత్రం ముందుగా నా బండి ముక్కు తిరగలేదు. అప్పుడు మలుపు లోపలి వైపు వెనక చక్రాన్ని పట్టుకుంటే, ట్రాక్టరులాగే బండి లోపలికి తిరుగుతుంది. తర్వాత తోక బయటికి పోయింది, బండి అవసరానికి మించి తిరిగింది. ఇప్పుడు దానికి ఎదురుగా తిప్పాలి. అందుకు బయటి వైపు ముందు చక్రాన్ని పట్టుకోవాలి. మూలని పట్టుకుని ఎవరో గుంజినట్టు అనిపించిందన్నానే, అదీ సంగతి. ఇంకా తమాషా ఏమిటంటే, నలుగురు మనుషులు నాలుగు చక్రాలకీ నాలుగు బ్రేకులు పట్టుకుని కూర్చున్నా, ఇంత తొందరలో ఎవరు పట్టాలో తేల్చుకోలేరు. నాకున్నది ఒకే పెడల్. రేసు డ్రైవరైనా నాలుగు చక్రాలనీ విడివిడిగా తొక్కలేడు.

ఇదంతా విని నాకు పొంగు వచ్చింది. అయితే మలుపులో భయం లేదన్నమాట అన్నాను. తమ్ముడు కాగితం తీశాడు.

"ఆ మలుపు వ్యాసార్ధం 50 మీటర్లనుకో. 45 కిలోమీటర్ల స్పీడులో తిరిగితే టైర్ల మీద పక్కకి పడే తోపు బండి బరువులో దాదాపు మూడో వంతు. 60లో వెళ్తే సగం దాటింది, 0.57. 72లో వెళ్తే 0.8 దాటింది. స్పీడు రెట్టింపైతే తోపు నాలుగింతలు. పొడి రోడ్డు మీద మంచి టైరు 0.8 నుంచి 1 దాకా ఇస్తుంది. తడి రోడ్డు మీద 0.5, 0.6 అనుకో. మంచు గడ్డ మీద 0.1 దొరికితే గొప్ప. ఇప్పుడు చెప్పు, తడిలో 72 పెట్టుకుని వెళ్తే, లేని పట్టుని ఆ పెట్టె ఎక్కణ్ణుంచి తెస్తుంది?"

తేదు. ఉన్నదాన్ని సర్దుతుంది. టైరు నేలకి ఆనేది మన అరచెయ్యంత మేర. కారు మొత్తానికి నాలుగు అరచేతులు. ఆ అరచెయ్యి పట్టుతోనే బండి ముందుకి పోవాలి, ఆగాలి, తిరగాలి. ఇది పొట్టి దుప్పటి లాంటిది: తలకి లాక్కుంటే కాళ్ళు బయటపడతాయి. మలుపులో ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే ఆపడానికి వాడిన పట్టు తిరగడానికి మిగలదు. ఇంజిన్ ఊపు ఇచ్చినా అంతే. ఈఎస్‌సీ చేసే మొదటి పని చాలాసార్లు బ్రేకు కాదు, ఇంజిన్ ఊపు కోసెయ్యడం. ఊపు వాడుకుంటున్న పట్టుని తీసి తిరగడానికి ఇస్తుంది. దుప్పటి పొడుగు మాత్రం పెరగదు. నీళ్ళు నిలిచిన చోట టైరు తేలిపోయిందంటే అసలు దుప్పటే లేదు. అక్కడ పన్నెండు వాల్వులూ ఏమీ చెయ్యలేవు.

మా ఆఫీసులో ఒకాయన, "మా బండికి అన్నీ ఉన్నాయండీ, పల్టీ కొట్టే ప్రసక్తే లేదు" అంటాడు. ఆయన టైర్ల మీద గాడి గీతలు అరిగి కనబడక ఎన్నాళ్ళైందో. నేనేమీ అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ట్రాక్షన్ కంట్రోల్ అర్థం కావడానికి ఖాళీ స్థలం కావాలన్నాడు తమ్ముడు. వదులు మట్టీ కంకరా ఉన్న చోటు చూసి, ఒక వైపు చక్రం గట్టి నేల మీద, ఇంకో వైపు చక్రం వదులు కంకరలో ఉండేలా ఆపాం. డ్యాష్‌బోర్డ్ మీద ఆ బొమ్మతోనే ఒక బటన్ ఉంది, కింద "ఆఫ్" అని. నా బండిలో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రం ఆగుతుంది, కొన్ని సెకన్లు పట్టుకుని ఉంటే స్టెబిలిటీ కూడా. నొక్కాను. యాక్సిలరేటర్ ఇచ్చాను. కంకరలో చక్రం బర్రుమని తిరుగుతూ రాళ్ళు వెనక్కి కొట్టింది. గట్టి నేల మీద చక్రం కదిలితే ఒట్టు. బండి ఉన్నచోటే ఉంది.

"చూశావా అక్కా, మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ అనే పళ్ళ చక్రాల పెట్టె ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ సమానంగా పంచుతుంది. కానీ ఎంత పంచాలో నిర్ణయించేది బలహీనుడు. కంకరలో చక్రం తిరగడానికి పెద్ద బలం అక్కర్లేదు. అక్కడ ఎంత తక్కువ పడితే, రెండో చక్రానికీ అంతే దక్కుతుంది."

బటన్ మళ్ళీ నొక్కి ప్రయత్నించాను. ఈసారి బర్రుమనబోయిన చక్రం దగ్గర "టక్ టక్ టక్" మని చప్పుడు, లైటు కొట్టుకుంది, బండి ముక్కుతూ మూలుగుతూ ముందుకి పాకింది. జారే చక్రాన్ని బ్రేకు పట్టుకుంటోంది. ఇప్పుడు దాన్ని తిప్పాలంటే బలం కావాలి. దానికి ఎంత పడితే రెండో దానికీ అంత. పని లేకుండా తిరిగేవాడి కాలికి బరువు కట్టి, పనిచేసేవాడికి వాటా పెంచడం. ఇంత చిన్న ఉపాయానికి నేను నిజంగా చప్పట్లు కొట్టాను. కంకరలో నిలబడి.

బటన్ ఎందుకు పెట్టారంటే, నాలుగు చక్రాలూ బురదలోనో ఇసుకలోనో కూరుకున్నప్పుడు కొంచెం గిర్రున తిరిగితేనే బయటపడే సందర్భాలుంటాయి. అప్పుడు ఇది అడ్డం పడుతుంది: మీరు ఎంత తొక్కినా ఇంజిన్ నోరు నొక్కేస్తుంది. అలాంటప్పుడు ఆఫ్ చేసి, బయటపడగానే ఆన్ చెయ్యాలి. మరచిపోయినా, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు అదే ఆన్ అవుతుంది. అంతకుమించి ఆ బటన్‌తో మామూలు రోడ్డు మీద నాకు పని కనబడలేదు.

ఇక్కడితో కథ అయిపోయుంటే బాగుండేది. ఏడాది తర్వాత ముందు చక్రం ఒకటి స్పీడు పెరిగేకొద్దీ ఊళపెట్టడం మొదలుపెట్టింది. బేరింగ్ పోయిందన్నారు, మార్చారు. ఊళ ఆగింది. బండి తీసుకుని సందు మలుపు తిరిగేసరికి ఏబీఎస్ లైటూ, ఈ పాము మెలికల లైటూ రెండూ వెలిగాయి. నిలకడగా. ఇప్పుడు నాకు భాష తెలుసు కాబట్టి గుండె గుభేలుమంది.

తిరిగి తీసుకెళ్తే స్పీడు సెన్సర్ మార్చారు. లైటు పోలేదు. వైరింగ్ చూశారు. పోలేదు. రెండో వారం ఆ మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "ఇక కంప్యూటర్ పెట్టె మార్చాల్సిందే మేడమ్" అన్నాడు. పెద్ద ఖర్చుకి నోరు తెరవడానికి ముందు చిన్న ఎంట్రీలు అన్నీ చూసుకోవాలన్నది నా వృత్తి ధర్మం. తమ్ముణ్ణి పిలిచాను.

వాడు స్కానర్ పెట్టి, నన్ను నెమ్మదిగా బండి నడపమని, పక్క సీట్లో కూర్చుని అంకెలు చదివాడు. "పదకొండు. పదకొండు. పదకొండు. సున్నా." నేను ఇంకొంచెం తొక్కాను. "ఇరవై, ఇరవై, ఇరవై, సున్నా. కొత్త సెన్సర్ కూడా సున్నా అంటోందంటే, అది చూడాల్సింది దానికి కనబడట్లేదన్నమాట. పాత బేరింగ్ ఇచ్చారా?"

ఇచ్చారు. డిక్కీలో జాకీ పక్కన, జాకీకి చుట్టిన గుడ్డల్లోనే ఒకదాంట్లో ఉంది.

వాడు దాన్ని చేతిలో తిప్పి చూశాడు. రెండు వైపులా గుండ్రటి రబ్బరు సీలు, నా కంటికి కవలపిల్లలు. నా టేబుల్ మీద నుంచి ఒక జెమ్ క్లిప్ అడిగి తీసుకున్నాడు. ఒక వైపు ఆనిస్తే జారి కింద పడింది. రెండో వైపు ఆనిస్తే, వేలు తీసినా మెల్లగా అంటిపెట్టుకుని ఉంది. ఆ వైపు సీలులో అయస్కాంతం ఉంది. ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని పదుల కొద్దీ గీతలు కంటికి కనబడకుండా చుట్టూ ముద్రించి ఉంటాయట. పాత బండ్లలో అయితే పళ్ళ చక్రం ఒకటి ఉండేది, పళ్ళు కనబడేవి, తప్పు చేసే వీలు తక్కువ. ఇందులో చక్రం తిరుగుతుంటే సెన్సర్ ముందు నుంచి ఆ గీతలు వరసగా దాటిపోతాయి. వాటిని లెక్కపెట్టడమే సెన్సర్ పని. దానికీ దీనికీ మధ్య సందు మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ వైపు సెన్సర్ దగ్గర కాకుండా అవతలి దిక్కుకి పెట్టి బేరింగ్‌ని బిగించేస్తే, బేరింగ్ హాయిగా తిరుగుతుంది, ఊళ ఉండదు, సెన్సర్ మాత్రం గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది.

వేరే చోట విప్పించాం. అదే. తిరగేసి కొట్టారు. ప్రెస్ మీద నొక్కి బయటికి తీసిన బేరింగ్ మళ్ళీ పనికిరాదు కాబట్టి ఇంకొకటి కొనాల్సి వచ్చింది. మొదటి మెకానిక్ మీద కోపం ఉందిగానీ, ఆ రెండు సీళ్ళనీ పక్కపక్కన చూశాక కొంచెం తగ్గింది. ఒక జెమ్ క్లిప్ దగ్గర ఉంచుకుంటే చాలని ఎవరైనా చెప్పాలి కదా.

ఆ రెండు వారాలూ ఒక్క చక్రం అంకె రానందుకు మొత్తం ఈఎస్‌సీ మూతపడటం మొదట్లో నాకు అన్యాయం అనిపించింది. మిగతా మూడు ఉన్నాయి కదా అని. తర్వాత ఆలోచిస్తే అది నాకు నచ్చిన గుణం. ఓచర్లు లేకుండా అంచనాగా ఎంట్రీ పాస్ చేసి, వెళ్తూ వెళ్తూ ఉన్న బండికి తప్పు చక్రం మీద బ్రేకు వేసేకంటే, నా వల్ల కాదు అని లైటు వెలిగించి తప్పుకోవడం నిజాయితీ. మామూలు బ్రేకు ఎలాగూ పని చేస్తూనే ఉంటుంది. అలాగని పంటిబిగువున నెలల తరబడి ఆ లైటుతో తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళ బండికి ఆ సాయంత్రం నాకు దొరికిన రెండు సెకన్లు దొరకవు.

వీల్ అలైన్‌మెంట్ చేయించినప్పుడు కూడా ఇలాంటిదే ఒకటి ఉంది, క్లుప్తంగా చెబుతాను. స్టీరింగ్ సున్నా ఎక్కడో ఈఎస్‌సీకి మళ్ళీ చూపించాల్సిన బండ్లుంటాయి. చూపించకపోతే మీరు తిన్నగా వెళ్తున్నా, కొంచెం తిప్పుతున్నారనే అనుకుంటుంది. అలైన్‌మెంట్ తర్వాత తిన్నటి రోడ్డు మీద ఆ లైటు కారణం లేకుండా కొట్టుకుంటే ముందు అదే అడగండి. నాలుగు టైర్లూ ఒకే సైజులో లేకపోయినా చక్రాల లెక్కలు కలవవు.

స్టీరింగ్ గురించి ఇంకొక్కటి. ఈ పెట్టెకి మన మనసు తెలియదు, మన చేతులే తెలుసు. జారుతున్నప్పుడు భయపడి స్టీరింగ్ వదిలేస్తే, అది తిన్నగా వస్తే, "ఈవిడ తిన్నగా పోదామంటోంది" అని చెట్టు వైపు చక్కగా తిన్నగా తీసుకెళ్తుంది. ఆ సాయంత్రం నా తల మలుపు వైపే ఉంది, చేతులూ అటే ఉన్నాయి. అందుకే మొదటి కాలమ్‌లో సరైన అంకె పడింది. అది తెలివి కాదు, కంగారులో మెడ అటు పట్టేసింది.

కొత్త బేరింగ్ వేశాక బండి తీసుకోవడానికి తమ్ముడు కూడా వచ్చాడు. తాళం తిప్పితే అన్ని లైట్లూ వెలిగి, అన్నీ ఆరిపోయాయి. బండి కదిలించి గేటు దాటించాను. ఇరవై అడుగులు. ముప్ఫై అడుగులు.

గుర్ర్.

"అదేమిటిరా?" అన్నాను, మూడేళ్ళు కాదు నాలుగేళ్ళుగా వింటున్న చప్పుడు.

"పంపు అక్కా. స్టార్ట్ చేశాక మొదటిసారి కదలగానే ఒకసారి తిరిగి చూసుకుంటుంది, పని చేస్తున్నానా లేదా అని. ఎందుకూ, ఏమనుకున్నావ్?"

నేను చెప్పలేదు. ఇంటికెళ్ళాక డిక్కీ తెరిచి, జాకీకి చుట్టిన గుడ్డలు ఒక్కొక్కటీ విప్పుతుంటే వాడే వచ్చి చూశాడు.